ముందుగా కట్టువారెవరు?

అమలాపురమునుండి తూర్పుగా పోయి కాట్రేనికోన చేరినచో సముద్రము ఇక దూరము కాదు. కొబ్బరితోటలు, వరిచేలు దాటిన పిదప పల్లము, బలుసుతిప్ప వంటి ఊళ్లలో చేపలవేటయే జీవనము. వేటకు పోవువాని రాబడి ఒకనాడున్నట్లు మరునాడుండదు. ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, తూర్పుతీరమున మరపడవలకు వేట నిషేధము. పడవ ఒడ్డున నిలిచినను గోడమీది మీటరు నిలువదు గదా!

బిల్లు కట్టలేనివారికి ప్రభుత్వము చేసిన సాయమునకు కొంత చరిత్ర కలదు. 1988–89లో కేంద్రప్రభుత్వము కుటీరజ్యోతి అను పథకముచే బీదల గుడిసెలకు ఒక్కొక్క దీపమిచ్చెను. తీగ లాగుట ఒక్కనాటి పని, బిల్లు నెలనెలా వచ్చును. 2000 ఆగస్టు 28న చార్జీల పెంపునకు వ్యతిరేకముగా హైదరాబాదు బషీర్‌బాగులో ప్రజలు గుమిగూడగా పోలీసులు కాల్చిరి, ముగ్గురు మరణించిరి. అటుపిమ్మట ఏ ప్రభుత్వమును కరెంటు చార్జీల మాటను తేలికగా ఎత్తలేదనుకొందును. 2013లో ఉమ్మడి రాష్ట్రమున నెలకు 50 యూనిట్లలోపు వాడు షెడ్యూల్డు కులముల, తెగల ఇండ్లకు ఉచిత విద్యుత్తు వచ్చెను. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ పరిమితిని 200 యూనిట్లకు పెంచిరి.

ఇచ్చట ఒక సంగతి గమనించుము. 2003 నాటి విద్యుత్ చట్టము 65వ సెక్షను ప్రకారము, ప్రభుత్వము ఎవరికైనను రాయితీ ఇయ్యగోరినచో, ఆ సొమ్మును పంపిణీ సంస్థకు ముందుగానే చెల్లింపవలెను. ఖజానా ఆ మాట ఎంతవరకు నిలుపుకొనుననునది వేరు ప్రశ్న. అయినను చట్టము ముందుగా చేయి చాపినది బీదవానివైపు కాదు, ప్రభుత్వమువైపే.

వంటగ్యాసు కథ వేరు. కోనసీమ నేలక్రిందనే గ్యాసున్నది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకొని 65 దినములు మండెను. ఆ మంట చూచినవారు నేటికిని దానినిగూర్చి చెప్పుకొందురు. అంత గ్యాసు కాళ్లక్రింద ఉండియు, అనేక గృహములలో కట్టెలపొయ్యియే మిగిలెను. 1999లో దీపం పథకము స్వయంసహాయక సంఘముల స్త్రీల పక్షమున డిపాజిట్టు కట్టి కనెక్షను ఇప్పించెను. బండ వచ్చినది. అది అయిపోయిన పిదప మరల నింపించు ఖర్చు మాత్రము ఇల్లాలిదే. పొయ్యి ఒక మూలకు చేరిన ఇండ్లెన్నో. 2024 నవంబరులో ఏటికి మూడు బండలు ఉచితమను దీపం–2 వచ్చెను. మంచి పనియే. కాని ఆరంభమందు విధించిన నియమమేమనగా, ఇల్లాలు ముందుగా పూర్తి వెల చెల్లింపవలెను. పల్లెలలో 48 గంటలలోగా ఆ సొమ్ము బ్యాంకు ఖాతాలో పడునని అప్పుడు చెప్పిరి.

రెండు దినములే గదా అందువా? మోషే ధర్మశాస్త్రము, బీదవాని పైవస్త్రమును తాకట్టు పుచ్చుకొనినవాడు దానిని ప్రొద్దు గ్రుంకకమునుపే తిరిగి ఇయ్యవలెనని విధించెను. మరునాటి ఉదయమని చెప్పలేదు. రాత్రి చలి ఆ రాత్రికే గదా.

వేట నిలిచిన మే నెలలో ఒక మధ్యాహ్నమును ఊహించుము. బండ తెచ్చినవాడు గుమ్మమున నిలిచియున్నాడు. వెల ఎనిమిది వందలకు పైబడినది. ఆమె కొంగు ముడి విప్పి లెక్కపెట్టుకొని, కాస్త ఉండుమని అతనికి చెప్పి, పొరుగింటి తలుపు తట్టుటకు పోవుచున్నది.