మెదడు అలసిన వేళ కండబలము

మూట మోసినవాని చేయి అలయుట సహజము. కూర్చుండి ఆలోచించినవాని చేయి ఏల అలయవలెను?

ఈ ప్రశ్నను ప్రయోగశాలకు తెచ్చినవాడు ఇటలీలోని టూరిన్ నగర శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఏంజెలో మోసో (1846–1910). ఆయన నిర్మించిన ఎర్గోగ్రాఫు అను యంత్రమున ముంజేతిని బిగించి, నడిమివ్రేలితో బరువును పదేపదే లాగుదురు. మసిపూసిన కాగితముపై ప్రతి లాగుడును గీతయగును. అలసటతో గీతలు పొట్టివగును.

మోసో సహచరుడు మజియోరా విద్యార్థులకు మౌఖిక పరీక్షలు జరిపిన దినమున, వ్రేలికి పనిలేకున్నను, అది మునుపటికంటె త్వరగా సొలసెను. మెదడు పనిలో పుట్టిన వ్యర్థపదార్థములు రక్తముద్వారా కండలకు చేరునని మోసో తలచెను. 1891లో ఆయన అలసటపై గ్రంథము ప్రకటించెను.

2009లో మార్కోరా బృందము 16 మందిచేత 90 నిమిషములు ఏకాగ్రత కోరు పని చేయించి, పిదప సైకిలు యంత్రము త్రొక్కించెను. ఊరక చలనచిత్రము చూచిన దినమున సగటున 754 సెకండ్లు త్రొక్కినవారు ఆనాడు 640 సెకండ్లకే ఆగిరి. గుండె, ఊపిరితిత్తులు లోపము చూపలేదు. శ్రమ మాత్రము మొదటినుండియు అధికముగ తోచెను. ఒక్కమారు పూర్ణబలము చూపుటలో లోపము అంతగా కానరాదనియు, ఓర్పు కోరు పనిలోనే బయటపడుననియు తరువాతి ప్రయోగములు తెలిపినవి.

కావున పరీక్ష వ్రాసివచ్చి తక్కువసార్లు బరువెత్తిన విద్యార్థిని సోమరియనరాదు.