నూరేళ్ళు కనబడని బంగారు బల్లి

తిరుమల కొండల్లోని బంగారు బల్లిని 1870లో శాస్త్రలోకానికి పరిచయం చేసినవాడు మద్రాసు అటవీశాఖ అధికారి రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్. ఆ తర్వాత నూరేళ్ళకు పైగా దాని ఊసు లేదు. 1986లో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన జె.సి. డేనియల్, భరత్ భూషణ్, సేకర్ అది తూర్పు కనుమల్లో ఇంకా ఉందని ప్రకటించారు. అంతరించిపోయిందనుకున్న జీవి తిరిగొచ్చిందని చెప్పుకోవడం మనకు అలవాటు. నా దృష్టిలో బల్లి ఎక్కడికీ పోలేదు, దాన్ని వెతికేవాళ్ళే లేకపోయారు. దాని బతుకు తీరే ఇందుకు సాక్ష్యం. వాగుల పక్కన బండరాళ్ళ పగుళ్ళలో పగలంతా దాక్కుని, చీకటి పడ్డాక బయటికొస్తుంది. మగబల్లికి పసిమి జతకట్టే కాలంలోనే బాగా తేలుతుంది, మిగతా రోజుల్లో రాతి రంగులో కలిసిపోతుంది. అయినా గుర్తు వదలకుండా ఉండదు. ఆడబల్లులు చాలా కలిసి ఒకే బండ నీడన గుడ్లు అతికిస్తాయి. పిల్లలు వెళ్ళిపోయాక పెంకులు రాలినా, తెల్లటి గుండ్రని మచ్చలు రాతికి అంటుకునే ఉంటాయి. ఆ మచ్చలను చూడటం నేర్చినవాడికి బల్లిని పట్టపగలు చూడనక్కర్లేదు.

మధ్యలో నిజంగానే తగ్గిపోయి, ఈమధ్య మళ్ళీ పెరిగిందేమో అని ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. కానీ వెతకడం మొదలయ్యాక అది గోదావరి ఒడ్డు పాపికొండల్లోనూ, ఒడిశా నియంగిరిలోనూ కనబడింది. బండను వదలని ప్రాణి కృష్ణా గోదావరులు దాటి, వందల కిలోమీటర్లు కొద్ది దశాబ్దాల్లో వ్యాపించిందంటే నమ్మలేం. శ్రీలంక సాక్ష్యం ఇంకా బలమైనది. ఈ ప్రజాతిలో ఉన్నవి రెండే జాతులు. రెండోదాన్ని 1953లో డెరణియగల అనే శాస్త్రవేత్త ఆ దీవిలోనే వర్ణించాడు. ఇలాంటి బల్లి సముద్రం ఈదిందనే కంటే, రెండు నేలలు కలిసి ఉన్న పాత కాలంలోనే అటూ ఇటూ ఉందనుకోవడం సబబు.

మనవాళ్ళకు బంగారు బల్లి ముందే తెలుసు, కంచి వరదరాజస్వామి గుడిలో తాకి రావడం లేదా అని మరో వాదన. అక్కడివి లోహపు బొమ్మలు, బల్లిపాటు దోషం పోవడానికి తాకుతారు. పంచాంగం కూడా బల్లి ఏ అవయవం మీద పడితే ఏ ఫలమో చెబుతుంది, పడినది ఏ బల్లో చెప్పదు. భక్తి నిజమే, దాన్ని కొండబల్లిని చూసినట్టుగా లెక్కగట్టలేం. అడవిలో తిరిగేవాళ్ళు చూసే ఉంటారు, వాళ్ళ మాట కాగితం మీదికి రాలేదు. నాకు బాధ కలిగించేది ఇదే.

చూసినదాన్ని కాగితం మీద పెట్టడం ఏ ఊళ్ళోనైనా మొదలుపెట్టవచ్చు. జహీరాబాద్ దగ్గరి మొగుడంపల్లినే తీసుకోండి. ఆ ఎర్రనేలలు బంగారు బల్లి చోటు కాదు. కానీ తొండలు, ఉడుములు, నలికిరీలు అక్కడి చేనుగట్ల మీద ఉన్నాయి. మగతొండ గొంతు ఎరుపెక్కేది ఏ నెలలోనో ఆ ఊరి బడిపిల్లలు చెప్పగలరు. చేత్తో పట్టకండి, గుడ్లు కదపకండి. చూసిన చోటు, తేదీ, వేళ మాత్రం ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి.