దేవుడు వేసిన దావా

తంజావూరు జిల్లా పత్తూరులో 1976లో ఒక కూలీ తన గుడిసె దగ్గర తవ్వుతుంటే కంచు నటరాజు బయటపడ్డాడు. పాడుబడ్డ విశ్వనాథస్వామి గుడి సొత్తు అది. చేతులు మారి లండన్ చేరిన ఆ విగ్రహాన్ని 1982లో బంపర్ డెవలప్‌మెంట్ అనే కెనడా కంపెనీ రెండున్నర లక్షల పౌండ్లకు కొన్నది. లండన్ పోలీసులు దాన్ని స్వాధీనం చేసుకుంటే, సొమ్ము పోసి కొన్నాం కాబట్టి మాదేనని కంపెనీ కోర్టుకెక్కింది.

ఎదురు నిలిచినవాళ్లలో భారత ప్రభుత్వం, తమిళనాడు ప్రభుత్వంతోపాటు ఆ గుడి కూడా ఉంది. పూజలు ఏనాడో ఆగిపోయిన గుడికి హక్కులేమిటన్నది ప్రశ్న. దేవతామూర్తి చట్టం దృష్టిలో ఒక వ్యక్తేనని 1925లోనే కలకత్తా ముల్లిక్ కుటుంబం కేసులో అప్పటి అత్యున్నత అప్పీలు కోర్టు ప్రివీ కౌన్సిల్ తేల్చింది. 1991లో లండన్ అప్పీలు కోర్టు ఆ దారిలోనే నడిచింది. భారతీయ చట్టం గుడిని వ్యక్తిగా గుర్తిస్తుంది గనుక ఇంగ్లండ్‌లోనూ దావా నడపవచ్చని చెప్పి, నటరాజును గుడికే అప్పగించింది. కళాఖండాల వ్యాజ్యాల్లో ఇంతకంటే గొప్ప తీర్పు నాకు కనబడదు. ఎంతకు కొన్నావన్న ప్రశ్నను విగ్రహం ఎక్కడి నుంచి పోయిందన్న ప్రశ్న ముందు తలవంచేలా చేసింది.

అంతకుముందు మనకింత బలం లేదు. 1878 నిధినిక్షేపాల చట్టం భూమిలో దొరికిన సొత్తు గురించి మాత్రమే మాట్లాడింది. తమిళనాడులోని శివపురం నటరాజును బాగుచేయించడానికి పంపితే గుడికి నకలు తిరిగొచ్చింది, అసలు అమెరికా చేరింది. 1973లో అక్కడి కళాఖండాల సేకర్త నార్టన్ సైమన్ దాన్ని తొమ్మిది లక్షల డాలర్లకు కొన్నాడు. భారత్ దావా వేసి, 1976లో రాజీపడింది. పదేళ్లు అక్కడే ప్రదర్శించుకోనిచ్చి 1986లో తెచ్చుకున్నాం. దొంగసొత్తుకు పదేళ్ల గడువివ్వడం నాకిప్పటికీ మింగుడుపడదు. నూరేళ్లు దాటిన కళావస్తువుల ఎగుమతిని అడ్డుకునే 1972 చట్టం, రాజీ కుదిరిన 1976లోనే అమల్లోకి వచ్చింది.

చట్టం ఉన్నా సాక్ష్యం కావాలి. తమిళనాడులోనే శ్రీపురందాన్ గుడి నుంచి 2006లో పోయిన నటరాజును ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ 2008లో యాభై లక్షల డాలర్లకు కొన్నది. అమ్మింది న్యూయార్క్ వ్యాపారి సుభాష్ కపూర్. పుదుచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ విగ్రహం పాత ఫొటో భద్రంగా ఉండబట్టి అబద్ధపు పత్రాల గుట్టు రట్టయింది. 2014లో విగ్రహం తిరిగొచ్చింది. కపూర్‌కు 2022లో కుంభకోణం కోర్టు మరో గుడి విగ్రహాల కేసులో పదేళ్ల జైలుశిక్ష వేసింది.

అదే గ్యాలరీ 2016లో మన ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ శిల్పఫలకాన్నీ వెనక్కి ఇచ్చింది. దాని తరఫున దావా వేయడానికి పత్తూరులోలా దేవుడు లేడు, ధర్మకర్త లేడు. ఇలాంటి శిల్పాలకు తవ్వకాల రికార్డులు, ఫొటోలే వకాలతు పుచ్చుకోవాలి. అందుకే మన ఊళ్లలో ఫొటో కూడా తీయని ప్రతి పాత రాతిబొమ్మ గురించీ నాకు బెంగ.