ఉన్మాదమునకు పెట్టిన పేర్లు



వ్యాధికి ఏ పేరు పెట్టుదుమో, రోగికి తరచుగా ఆ గతియే పట్టును. శబ్దశాస్త్రము కొంత చదివినవాడను గనుక, నేటి వైద్యులు స్కిజోఫ్రీనియా యని పిలుచు మనోవ్యాధి చరిత్రను దాని పేర్ల వెంబడి చెప్పదలచితిని.

మొదట లక్షణములు. ఈ వ్యాధి తరచుగా యౌవనమున ప్రవేశించును. ఎదుట ఎవ్వరును లేకున్నను మాటలు వినబడును. ఇరుగుపొరుగువారు తనకు విషము పెట్టుచున్నారనియో, తన తలంపులను ఎవరో అపహరించుచున్నారనియో దృఢమైన నమ్మకము కలుగును. ఎంత నచ్చజెప్పినను అది తొలగదు. మాటకు మాటకు పొంతన కుదరదు. కొందరు స్నానభోజనములయం దాసక్తి విడిచి, ఒక మూల మౌనముగా కూర్చుందురు. చూచువారు దానిని సోమరితనమని పొరబడుదురు.

మన పల్లెలలో దీనికి గాలి సోకుట, దయ్యము పట్టుట, చేతబడి యని పేర్లు. మన పూర్వులందరును ఇట్లే తలచిరనుట సరికాదు. చరకసంహిత ఉన్మాదమును ఐదు విధములుగా విభజించి, అందు నాలుగింటికి వాతపిత్తకఫముల వికారమే కారణమని చెప్పినది. ఐదవదానిని మాత్రమే ఆగంతుకమని పేర్కొన్నది. ఆ యున్మాదమును నేటి యీ వ్యాధియును సరిగా ఒక్కటి కావు. ఐనను, మతి చెడుట వైద్యుడు చూడదగిన రోగమను భావము మనకు క్రొత్తది కాదు.

ఇక ఐరోపా సంగతి. జర్మనీ దేశపు వైద్యుడు ఎమిల్ క్రెపెలిన్ 1899లో తన గ్రంథపు ఆరవ కూర్పున, ఉద్రేకమును విషాదమును మారిమారి వచ్చు వ్యాధినుండి దీనిని వేరుచేసి, డిమెన్షియా ప్రీకాక్స్ అనెను. అకాలమున కలిగిన బుద్ధినాశమని లాటిన్ భాషలో దాని యర్థము. విభాగము మేలైనదే, పేరు మాత్రము ఆశను త్రుంచివేసినది.

అందరు రోగులును ఆ విధముగా చెడిపోరని గమనించి, జూరిక్ నగర వైద్యుడు యూజెన్ బ్లాయిలర్ 1908లో స్కిజోఫ్రీనియా యను పేరు కల్పించెను. గ్రీకు భాషలో చీలిన మనస్సని యర్థము. తలంపు, భావము, చేత ఒండొంటితో కూడియుండవని ఆయన యభిప్రాయము. జనులో, ఒక దేహమున ఇద్దరు మనుష్యులుందురని అపార్థము చేసికొనిరి. నేటికిని ఆ పొరపాటు పోలేదు. జపానులో ‘మనస్సు చీలిన రోగము’ అను పేరు అవమానకరముగా నుండుటచే, కుటుంబములవారి కోరికమీద వైద్యులు 2002లో ‘సమన్వయము తప్పిన వ్యాధి’ అను నర్థము గల పేరు పెట్టిరి.

కారణమును వెదకుటయందును అన్యాయము జరిగినది. 1948లో అమెరికాలో ఫ్రీడా ఫ్రామ్ రైక్‌మన్ అను వైద్యురాలు తల్లి నడవడియే ఈ రోగమును కలిగించునను నర్థము వచ్చు మాట వాడెను. ఎందరో తల్లులు ఆ నింద మోసిరి. ఆ మతము నిలువలేదు. వంశగుణము, మెదడు ఎదుగుదలలోని భేదము, కాన్పునాటి యిక్కట్లు, యౌవనమున గంజాయి అలవాటు, ఇట్టివి ప్రమాదమును పెంచునని నేటి శాస్త్రము. ఒకే పిండమునుండి పుట్టిన కవలలలో ఒకరికి వచ్చినను రెండవవారికి రాకపోవుట కలదు. కావున వంశమే సర్వమును కాదు.

రోగనిర్ణయమునకు రక్తపరీక్ష లేదు. వైద్యుడు రోగితోను బంధువులతోను మాటలాడి, లక్షణములు నెలకు తక్కువగాక నిలిచినవా యని విచారించి, అవి మత్తుపదార్థములవలనగాని, మూర్ఛవలనగాని, మెదడులోని కంతివలనగాని కలిగినవి కావని తేల్చుకొనవలెను. 1952లో పారిస్ నగరమున జాన్ డిలే, పియర్ డెనికర్ అను వైద్యులు క్లోర్‌ప్రోమజైన్ అను మందుతో చికిత్సకు క్రొత్త దారి చూపిరి. నేడు మందు, ఆదరణ, తగిన పని, ఈ మూడును కుదిరినచో పెక్కురు కోలుకొందురు. కొందరికి చిరకాలము మందు కావలసియుండును.

ఇంత తెలిసినను, 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, స్వస్థత కోరి చేర్చబడిన రోగులున్న పాక అంటుకొని 28 మంది మరణించిరి. గొలుసులతో కట్టబడియుండుటచే వారు పారిపోలేకపోయిరి. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము గొలుసులతో బంధించుటను నిషేధించినది.

గ్రామపెద్దలారా! పల్లెలో ఒక పిల్లవాని మాట తప్పినపుడు మొదట మీ యొద్దకే వత్తురు. మీరు గాలి యన్నచో వాడు భూతవైద్యునియొద్దకు పోవును. రోగమన్నచో ఆసుపత్రికి పోవును. చికిత్స ఎంత త్వరగా మొదలిడిన అంత మేలు. 14416 అను సంఖ్యకు టెలిఫోను చేసినచో ప్రభుత్వమువారి సలహా ఉచితముగా లభించును. ఆ మొదటి మాట మీ నోటినుండి వెలువడునది; దానిని తూచి పలుకుడని ప్రార్థించి విరమించుచున్నాను.