పీహెచ్‌పీ ఫంక్షన్లు: ఒకచోట రాసి అన్ని పేజీల్లో వాడుకోవడం

తేదీని తెలుగులో చూపించే ఒక ఫంక్షన్‌ను మీరు రాశారనుకోండి. వెబ్‌సైట్‌లోని 40 పేజీలకూ అది కావాలి. ప్రతి పేజీలోనూ రాస్తే, చిన్న మార్పుకు కూడా 40 ఫైళ్లు తెరవాలి. ఈ చిక్కును పీహెచ్‌పీ ఎలా విడదీసుకుంటూ వచ్చిందో పరిశీలిద్దాం.

రాస్మస్ లెర్‌డార్ఫ్ 1995లో విడుదల చేసినవి ప్రధానంగా తన సొంత వెబ్ పేజీ కోసం రాసుకున్న పనిముట్లు. ఈనాటి రూపానికి దగ్గరైన భాష 1998లో, మూడో వెర్షన్‌తో వచ్చింది. ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోండి. పేజీని పంపగానే పీహెచ్‌పీ అంతా మరచిపోతుంది. ఒకసారి నిర్వచించిన ఫంక్షన్‌ను ఆ పేజీలో ఎక్కడినుంచైనా పిలవవచ్చు. తరువాతి పేజీకి మాత్రం దాన్ని మళ్లీ తెచ్చుకోవాలి.

అందుకు ఇంక్లూడ్, రిక్వైర్ ఉపయోగపడ్డాయి. కానీ ఒకే ఫైలును రెండుసార్లు తెస్తే, అదే ఫంక్షన్ రెండోసారి నిర్వచించబడి ప్రోగ్రామ్ ఆగిపోయేది. నాలుగో వెర్షన్ కాలంలో వచ్చిన ఇంక్లూడ్_వన్స్, రిక్వైర్_వన్స్ ఈ బెడదను తీర్చాయి. పేర్ల తగాదా మాత్రం తీరలేదు. ఇద్దరు వేర్వేరు ఫైళ్లలో ఒకే పేరు పెడితే ఏం చేయాలి? వర్డ్‌ప్రెస్ ప్లగిన్లు రాసేవారు ప్రతి పేరుకూ ముందు తమదైన గుర్తు చేర్చడం అలవాటు చేసుకున్నారు, ఇంటిపేరులాగా. భాషలోనే నేమ్‌స్పేస్‌లు రావడానికి 2009 దాకా, అంటే 5.3 వెర్షన్ దాకా ఆగవలసి వచ్చింది.

ఈలోగా 2004లో ఐదో వెర్షన్ ఆటోలోడ్‌ను తెచ్చింది. ఒక క్లాసు పేరు తగలగానే దాని ఫైలును వెతికి తెచ్చే ఏర్పాటిది. విచిత్రమేమిటంటే, ఆటోలోడ్ కూడా అంతటా కనిపించే ఒక ఫంక్షనే! రెండు లైబ్రరీలు దాన్ని విడివిడిగా నిర్వచిస్తే మళ్లీ అదే తగాదా. అందుకే 5.1 వెర్షన్‌లో, అనేక లోడర్లను వరుసగా నమోదు చేసుకునే పద్ధతి వచ్చింది. పాత ఆటోలోడ్‌ను 2020లో ఎనిమిదో వెర్షన్ పూర్తిగా తొలగించింది.

అయితే ఈ సదుపాయం క్లాసులకే. నేమ్‌స్పేస్‌లో పిలిచిన ఫంక్షన్ అక్కడ దొరక్కపోతే పీహెచ్‌పీ బయటి పేర్లలోనూ వెతుకుతుంది. క్లాసులకు అలా వెతకదు. ఫంక్షన్లకు ఆటోలోడ్ కష్టమవడానికి ఇదొక కారణం. అందువల్ల చాలామంది విడి ఫంక్షన్లను స్టాటిక్ మెథడ్‌లుగా ఒక క్లాసులో పెట్టారు. నిజానికి అది క్లాసు కాదు, సంచి. 2012లో వచ్చిన కంపోజర్‌లో ఇంతకంటే నేరైన దారి ఉంది: దాని ఆటోలోడ్ విభాగంలో ‘ఫైల్స్’ కింద మీ ఫంక్షన్ల ఫైలును పేర్కొంటే, కంపోజర్ లోడర్‌ను పిలిచిన ప్రతి పేజీలోకీ, వాడినా వాడకపోయినా, అది వస్తుంది.