ఉద్యమాల మీద కేసులు: బిర్సా నుంచి పతల్‌గడీ దాకా

ఆదివాసీ పోరాటాల చరిత్ర అనగానే మనకు తుపాకుల మోత గుర్తొస్తుంది. డోంబారి కొండ, జోడేఘాట్, ఇంద్రవెల్లి. బడిలో పిల్లలకు చెప్పేటప్పుడూ, సభల్లో పాటలు పాడుకునేటప్పుడూ కాల్పుల దగ్గరే ఆగిపోతాం. ఆ కాల్పులకు ముందూ తర్వాతా ఏళ్ల తరబడి నడిచేది ఇంకొకటి ఉంది. అది కేసు. తుపాకీ ఒక్క రోజు పేలుతుంది, కేసు పదేళ్లు నడుస్తుంది. వాయిదా వాయిదాకు బస్సు చార్జీలు, వకీలు ఫీజు, పోయిన కూలి, అమ్ముకున్న ఎద్దులు, ఆగిపోయిన చదువు, ఇవేవీ చరిత్ర పుస్తకాలకు ఎక్కవు. వాటిని ఎక్కించడం మన పని.

ఆదివాసీల మీద పెట్టిన కేసులన్నీ తప్పుడువని నేను అనడం లేదు. నేరం ఎవరు చేసినా నేరమే. ఫలానా రోజు ఫలానా మనిషి ఫలానా పని చేశాడని చెప్పి, సాక్ష్యం చూపి, శిక్షించమని అడిగితే అది న్యాయం నడిచే దారి. ఒక ఉద్యమాన్ని ఆపాలని ముందే అనుకుని, దానికి తగిన సెక్షను వెతికి, ఊరు ఊరంతటినీ అందులోకి తోస్తే అది రాజకీయ కేసు. ఈ రెంటికీ తేడా తెలుసుకోవడానికి మూడు కాలాల నుంచి మూడు కేసులు చూద్దాం.

ముండాల అర్జీలు, బిర్సా జైలు

ఛోటా నాగపూర్‌లో ముండాల భూమి ఉమ్మడిది. అడవి కొట్టి ఊరు కట్టిన వంశానికి ఆ నేల మీద హక్కు ఉండేది. దాన్నే ఖుంట్‌కట్టి అంటారు. జమీందార్లు, వడ్డీ వ్యాపారులు వచ్చాక ఆ హక్కు పోయింది, వెట్టి మిగిలింది. అప్పుడు ముండాలు ముందుగా విల్లు పట్టలేదు. సర్దార్లు అనే పెద్దల నాయకత్వంలో దశాబ్దాల పాటు అర్జీలు రాశారు. వకీళ్లను పెట్టుకున్నారు, కోర్టుల చుట్టూ తిరిగారు. ఎక్కడా న్యాయం దొరకలేదు. బిర్సా వెనక జనం నడవడానికి ఆ నిరాశ ఒక పెద్ద కారణం.

1875లో పుట్టిన బిర్సాను 1895 ఆగస్టులో అరెస్టు చేశారు. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు నిండలేదు. రెండేళ్ల కఠిన శిక్ష వేశారు. విడుదలైన తర్వాత 1899 చివర్లో ఉల్‌గులాన్ లేచింది. 1900 జనవరిలో డోంబారి కొండ మీద కాల్పులు జరిగాయి. కొద్ది వారాలకే బిర్సా దొరికాడు. 1900 జూన్ 9న రాంచీ జైల్లో చనిపోయాడు. కలరా అని అధికారులు రాశారు. విచారణ పూర్తికాలేదు, తీర్పు రాలేదు. అతనితో పాటు పట్టుకున్న వందల మంది ముండాలు జైళ్లలో మగ్గారు.

ఎనిమిదేళ్ల తర్వాత, 1908లో, అదే ప్రభుత్వం ఛోటా నాగపూర్ కౌలుదారీ చట్టం తెచ్చింది. ముండాల ఖుంట్‌కట్టి హక్కును అందులో గుర్తించింది. అడిగినందుకు జైల్లో పెట్టిన విషయాన్నే తర్వాత చట్టంగా రాసుకున్నారు. ఆ చట్టం వచ్చేనాటికి అడిగినవాడు లేడు.

ఇదే కాలంలో దేశమంతటా ఇంకొక ఆయుధం తయారైంది. 1870లో శిక్షాస్మృతిలో 124ఎ సెక్షను చేర్చారు. ప్రభుత్వం మీద అసంతృప్తి రేపడమే నేరం అన్నారు. 1908లో తిలక్‌కూ, 1922లో గాంధీకీ ఆరేసి ఏళ్ల శిక్ష పడింది ఈ సెక్షను కిందే. స్వాతంత్ర్యం వచ్చాక కూడా అది పోలేదు.

లేవిడి నుంచి పార్వతీపురం దాకా

నేటి పార్వతీపురం మన్యం జిల్లాలో 1960ల నాటి పరిస్థితి ముసలివాళ్లను అడిగితే ఇప్పటికీ చెబుతారు. మైదానం నుంచి వచ్చిన షావుకార్లు, భూస్వాముల చేతుల్లోకి కొండ కింద పొలాలు వెళ్లిపోయాయి. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకుండా 1917లోనే చట్టం ఉంది. 1959లో మరో రెగ్యులేషన్ వచ్చింది. కాగితం మీద హక్కు గిరిజనుడిది, పొలంలో నాగలి షావుకారుది. గిరిజన సంఘం అడిగింది ఇదే. పోయిన భూమి ఇవ్వండి, పాలేర్లకు కూలి పెంచండి, వెట్టి ఆపండి, అడవి సరుకుకు సరైన ధర కట్టండి. సంఘాన్ని నడిపిన వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్లే.

1967 అక్టోబర్ 31న సంఘం మహాసభకు వెళుతున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. కేసు నడిచింది. 1968లో నిందితులంతా నిర్దోషులుగా బయటికి వచ్చారు. ఆ తీర్పు తర్వాత కోర్టు మీద మన్యం నమ్మకం ఏమైందో వేరే చెప్పనక్కర్లేదు. ఉద్యమం సాయుధమైంది. రెండు వైపులా ప్రాణాలు పోయాయి. దాన్ని దాచి చరిత్ర రాయకూడదు. 1970 జూలైలో సత్యం, కైలాసం పోలీసు చర్యలో చనిపోయారు.

ఆ తర్వాత పార్వతీపురం కుట్ర కేసు వచ్చింది. ముద్దాయిలు వందకు పైగా. వాళ్లలో నాయకులు ఉన్నారు, చదువుకున్నవాళ్లు ఉన్నారు, కొండ మీద ఊళ్ల నుంచి పట్టుకొచ్చిన గిరిజనులూ ఉన్నారు. ఇక్కడ 'కుట్ర' అనే మాటను జాగ్రత్తగా చూడాలి. హత్య కేసులో ఎవరు చంపారో చూపాలి. కుట్ర కేసులో అంత అవసరం ఉండదు. అందరూ కలిసి అనుకున్నారని చెబితే, ఒకరి పని అందరి మెడకూ చుట్టుకుంటుంది. సభకు వెళ్లినవాడు, అన్నం పెట్టినవాడు, చీటీ మోసినవాడు ఒకే వరుసలో నిలబడతారు.

ఇద్దరు గిరిజనులు పట్టపగలు చనిపోతే దోషి దొరకలేదు. గిరిజనులు ముద్దాయిలైనప్పుడు వందకు పైగా దోషులు ఉన్నారని ప్రభుత్వానికి అనిపించింది. ఈ రెండు కేసులనూ పక్కపక్కన పెట్టి చదివితేనే ఆ కాలం అర్థమవుతుంది. భూమి చట్టం మాత్రం 1970లో గట్టిపడింది. ఆ ఏటి 1వ రెగ్యులేషన్ ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి వెళ్లే దారి మూసేసింది. ఛోటా నాగపూర్‌లో జరిగిందే మళ్లీ జరిగింది. కోరిక చట్టమైంది, కోరినవాడు ముద్దాయి అయ్యాడు.

కుట్ర అనే మాట అక్కడితో ఆగలేదు. 1974లో విప్లవ రచయితలను కలిపి సికింద్రాబాద్ కుట్ర కేసు పెట్టారు. 1989లో అది కొట్టేశారు. పదిహేనేళ్లు. శిక్ష పడలేదు కదా అని ఎవరైనా అంటే, ఆ పదిహేనేళ్లను ఏమనాలో చెప్పమనండి.

రాయి మీద రాజ్యాంగం

ముండాలకు చనిపోయినవారి పేరున రాయి పాతడం పాత ఆచారం. ఊరి పొలిమేర చూపేదీ రాయే. 1996లో పెసా చట్టం వచ్చాక బి.డి. శర్మ, బందీ ఉరావ్ వంటివారు ఆ ఆచారాన్ని కొత్త పనికి వాడారు. గ్రామసభ హక్కులను రాళ్ల మీద చెక్కించి ఊరి మొదట్లో నిలబెట్టారు. 2017, 2018 సంవత్సరాల్లో ఝార్ఖండ్‌లోని ఖూంటీ ప్రాంతంలో ఈ రాళ్లు పెద్దఎత్తున లేచాయి. భూమి చట్టాలను సవరించాలని ప్రభుత్వం చేసిన ప్రయత్నం దానికి ముందున్న కారణం. సవరించబోయిన వాటిలో బిర్సా తర్వాత వచ్చిన 1908 చట్టం ఒకటి.

ఆ ఉద్యమంలో తప్పులు లేవని కాదు. కొందరు రాజ్యాంగ ప్రకరణలకు తమ సొంత అర్థాలు చెప్పారు. సర్కారు బడులూ కార్డులూ వద్దన్నారు. ఎంపీ ఇంటి దగ్గర కాపలా ఉన్న పోలీసులను పట్టుకెళ్లిన ఘటన కూడా జరిగింది. ఆ పని చేసినవారిని విచారించవచ్చు. కాని కేసులు అక్కడ ఆగలేదు. రాజద్రోహం సెక్షను కింద పేర్లున్నవారితో పాటు పేర్లు లేని వేల మందిని ఎఫ్ఐఆర్లలో రాశారు. 'మరియు ఇతరులు' అన్న ఆ చిన్న మాట ఊరి మీద వేలాడే కత్తి. ఎవరి పేరునైనా ఎప్పుడైనా అందులో చేర్చవచ్చు. అందుకే మగవాళ్లు ఊళ్లు విడిచిపోతారు.

2019 డిసెంబర్ 29న హేమంత్ సోరెన్ ప్రభుత్వం తొలి మంత్రివర్గ సమావేశంలోనే ఈ కేసులు ఉపసంహరించాలని నిర్ణయించింది. జనం సంతోషించారు, సంతోషించవలసిందే. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. రాజద్రోహం నిజంగా జరిగి ఉంటే ప్రభుత్వం మారగానే అది మాయమవుతుందా? జరగకపోతే మొదట ఎలా పెట్టారు? ప్రభుత్వం పెట్టి, ప్రభుత్వమే తీస్తే, మన స్వేచ్ఛ చట్టం చేతుల్లో లేదు, ఎన్నికల ఫలితాల చేతుల్లో ఉంది.

పతల్‌గడీ గురించి రాసినందుకు 2018లో రాజద్రోహం కేసులో ఇరికినవారిలో రాంచీలో ఉండే ఫాదర్ స్టాన్ స్వామి ఒకరు. జైళ్లలో ఏళ్ల తరబడి విచారణ లేకుండా ఉన్న ఆదివాసీ యువకుల కోసం ఆయన పనిచేశారు. 2020 అక్టోబర్‌లో మరో కేసులో, భీమా కోరేగావ్ కేసులో, ఆయనను అరెస్టు చేశారు. పార్కిన్సన్ వ్యాధితో చేతులు వణుకుతుంటే నీళ్లు తాగడానికి సిప్పర్ కప్పు కోసం కోర్టుకు అర్జీ పెట్టుకోవలసి వచ్చింది. 2021 జూలై 5న, 84 ఏళ్ల వయసులో, బెయిలు రాకుండానే, విచారణ మొదలుకాకుండానే ముంబయి ఆసుపత్రిలో చనిపోయారు. బిర్సాకూ ఆయనకూ మధ్య నూట ఇరవై ఒక్క ఏళ్లు.

విచారణే శిక్ష

2017 ఏప్రిల్‌లో ఛత్తీస్‌గఢ్ సుక్మా జిల్లా బుర్కాపాల్ దగ్గర మావోయిస్టుల దాడిలో 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. అది ఘోరం. చేసినవారిని పట్టుకోవడం ప్రభుత్వ బాధ్యత. చుట్టుపక్కల ఊళ్ల ఆదివాసీలను ఉపా చట్టం కింద జైల్లో వేశారు. 2022 జూలైలో దంతెవాడ కోర్టు 121 మందిని నిర్దోషులని వదిలింది. ఐదేళ్ల పైచిలుకు జైలు ఎవరు తిరిగి ఇస్తారు? చనిపోయిన జవాన్ల కుటుంబాలకు మాత్రం ఏం న్యాయం దొరికింది? తప్పుడు మనుషులను పట్టుకోవడం వల్ల నష్టం రెండు వైపులా.

దంతెవాడలో బడి టీచరుగా ఉన్న సోనీ సోరిని 2011లో అరెస్టు చేశారు. ఆమె మీద పెట్టిన వాటిలో రాజద్రోహం కేసు కూడా ఉంది. 2022 మార్చిలో ఆ కేసులో నిర్దోషి అన్నారు. ఈ వ్యాసం చదివే టీచర్లు ఆ పదేళ్లను తమ సర్వీసులో లెక్క వేసుకుని చూడాలి.

ఉపా చట్టంలో ఆరోపణ పైకి నిజంలా కనిపిస్తే చాలు, బెయిలు ఇవ్వకూడదని 2008 సవరణ చెబుతుంది. కాబట్టి తీర్పు ఎలా వచ్చినా శిక్ష ముందే పడిపోతుంది.

పార్టీల మధ్య పోయిన మర్యాద

ఇప్పుడు ఈ ఆయుధం పెద్ద నాయకుల మీదకీ తిరిగింది. 2023 సెప్టెంబర్‌లో మాజీ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు అరెస్టయ్యారు. 2024 జనవరిలో హేమంత్ సోరెన్ ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేసిన రాత్రే అరెస్టయ్యారు. అరెస్టయినవారు కక్ష అంటారు, అరెస్టు చేసినవారు చట్టం తన పని తాను చేస్తుందంటారు. ఎవరిది నిజమో కోర్టు చెప్పాలి, నేను చెప్పడం లేదు. ఒక తేడా మాత్రం కంటికి కనబడుతుంది. చంద్రబాబు రెండు నెలలలోపే, సోరెన్ ఐదు నెలల్లోనే బెయిలు మీద బయటికి వచ్చారు. బుర్కాపాల్ యువకులకు ఐదేళ్లు పట్టింది.

ఓడిన పార్టీని శత్రువుగా చూసే అలవాటు పైనుంచి కిందికి దిగుతుంది. పంచాయతీ ఎన్నికల్లో ఎదుటి వర్గం మీద కేసు పెట్టించడం ఊళ్లలో మామూలైపోయింది. మన పెద్దలు నేర్పింది ఇది కాదు. ఆదిలాబాద్ గోండుల రాయి సెంటర్లలో తగువు వస్తే రెండు వైపుల మాటా విన్నాకే నిర్ణయం చెప్పేవారు. జరిమానా కట్టినవాడూ ఆ ఊళ్లోనే బతకాలని అందరికీ తెలుసు. 1946 డిసెంబర్‌లో జైపాల్ సింగ్ ముండా రాజ్యాంగ సభలో నిలబడి, ప్రజాస్వామ్యం ఆదివాసీలకు మీరు నేర్పనక్కర్లేదు, మీరే వారి దగ్గర నేర్చుకోవాలి అన్న అర్థంలో మాట్లాడారు. ఆ మాట నిలవాలంటే మన సంఘాల్లో, మన గ్రామసభల్లో కూడా ఎదుటివాడి మాట వినే పద్ధతి బతకాలి. మనకు నచ్చనివాడి మీద పెట్టిన తప్పుడు కేసును కూడా తప్పుడు కేసు అని అనగలగాలి.

మనం చేయగలిగింది

2022 మే 11న సుప్రీంకోర్టు రాజద్రోహం సెక్షనును పక్కన పెట్టింది. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త న్యాయ సంహితలో ఆ పేరు లేదు. కాని 152వ సెక్షను దేశ సార్వభౌమత్వానికి భంగం కలిగించడమనే మాటతో యావజ్జీవం దాకా శిక్ష చెబుతోంది. పేరు మారింది కాబట్టి భయం తీరిందనుకోవద్దు.

యువకులు తెలుసుకోవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. అరెస్టుకు కారణం చెప్పాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఇది రాజ్యాంగం 22వ అధికరణం. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం షెడ్యూల్డ్ తెగల వారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు దొరుకుతాడు. మండల, జిల్లా న్యాయ సేవా సంస్థలను అడగవచ్చు.

టీచర్లకు ఒక విన్నపం. మీ ఊళ్లో కేసు పడినవారు ఉంటే వారి దగ్గర కూర్చుని రాసుకోండి. ఏ ఏట, ఏ సెక్షను, ఎన్ని వాయిదాలు, ఏం అమ్ముకున్నారు, తీర్పు ఏమైంది. వారు ఒప్పుకుంటేనే పేరు రాయండి. సర్కారు రికార్డులో ముద్దాయి నంబరుగా మిగిలిన మనిషికి మన రికార్డులో ఒక జీవితం ఉండాలి. బిర్సాతో పాటు జైలుకు వెళ్లిన వందల మందిలో ఎందరి పేర్లు మనకు తెలుసు?