కడియం నర్సరీలకు ప్రయాణం: చూడటానికి ఒక పూట, ఎంచుకోవడానికి ఒక రోజు

కడియం: రావులపాలెం నుంచి గౌతమి వంతెన దాటి రాజమహేంద్రవరం వైపు సాగే ప్రయాణికులకు జొన్నాడ తర్వాత కొద్ది దూరంలోనే దృశ్యం మారిపోతుంది. వరి చేలు, కొబ్బరి తోటల స్థానంలో రహదారికి రెండు వైపులా పూల కుండీలు, అలంకరణ మొక్కలు, బారులు తీరిన పండ్ల అంట్లు దర్శనమిస్తాయి. తూర్పుగోదావరి జిల్లా కడియం మండలంలోని కడియపులంక, పొట్టిలంక, వీరవరం, బుర్రిలంక, వేమగిరి, జేగురుపాడు పరిసరాల్లో విస్తరించిన ఈ నర్సరీలు రాష్ట్ర సరిహద్దులు దాటి ప్రసిద్ధి చెందాయి. ఇక్కడి నుంచి లారీల కొద్దీ మొక్కలు ఇతర రాష్ట్రాలకు వెళుతుంటాయి.

సెలవు రోజుల్లో కార్లలో, మినీ బస్సుల్లో కుటుంబాలతో వచ్చేవారు ఎక్కువే. చూసి ఆనందించి వెళ్లేవారికి ఒక పూట చాలు. మొక్క కొని, ఇంటికి చేర్చి, బతికించుకోవాలనుకునేవారికి మాత్రం కొంత తెలివిడి అవసరం. పూల మొక్క ఎంపికలో పొరపాటు జరిగితే నెల రోజుల్లో తెలిసిపోతుంది. మామిడి అంటు విషయంలో అది బయటపడటానికి నాలుగైదేళ్లు పడుతుంది. అప్పటికి పెట్టిన డబ్బు కంటే గడిచిపోయిన కాలమే పెద్ద నష్టం.

కాలువ నీరు, ఒండ్రు మట్టి

ధవళేశ్వరం వద్ద సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలైన గోదావరి ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆనకట్టకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్న కడియం ప్రాంతానికి కాలువ నీరు, నది తెచ్చిన ఒండ్రు మట్టి, పెద్దగా చలి తెలియని వాతావరణం కలిసివచ్చాయి. బంతి, చేమంతి, లిల్లీ, మల్లె, కనకాంబరం వంటి పూల సాగుతో పాటు మొక్కల పెంపకం కూడా ఇక్కడ వేళ్లూనుకుంది. కడియపులంక పూల మార్కెట్ నేటికీ తెల్లవారుజామున సందడిగా ఉంటుంది. నర్సరీలు చూడవచ్చే వారు ఉదయాన్నే చేరుకుంటే గంపల్లో, మూటల్లో పూలు చేతులు మారే తీరును కూడా చూడవచ్చు.

ఈ పచ్చదనం వెనుక వేలాది చేతుల శ్రమ ఉంది. సంచుల్లో మట్టి నింపడం, కలుపు తీయడం, నీరు పెట్టడం వంటి పనుల్లో మహిళలే అధికం. అంటు కట్టడం మాత్రం ఏళ్ల తరబడి చేతికి అలవాటు కావలసిన విద్య. సొంత భూమి లేక కౌలుకు తీసుకొని నర్సరీ నడిపే చిన్న రైతులూ ఉన్నారు. మొక్క నిల్వ ఉంచుకునే సరుకు కాదు. సమయానికి అమ్ముడుపోకపోతే సంచి చించుకొని వేళ్లు నేలలోకి దిగుతాయి. 2020లో లాక్‌డౌన్ కారణంగా రవాణా నిలిచిపోయినప్పుడు ఈ ప్రాంత రైతులు ఎదుర్కొన్న కష్టం అదే. గోదావరి వరదలు, వాయుగుండాల వర్షాలు వీరికి ఎప్పుడూ పొంచి ఉన్న ముప్పే.

అన్నీ ఒకే తరహా కావు

రహదారి పక్కనున్న పెద్ద నర్సరీలు సందర్శకులకు అనువుగా ఉంటాయి. నడకదారులు, కుండీల అమరికలు, బోన్సాయ్ వృక్షాలు, జంతువులు, పక్షుల ఆకృతిలో కత్తిరించిన మొక్కలు ఇక్కడ ఆకట్టుకుంటాయి. కొత్త సంవత్సరం, సంక్రాంతి రోజుల్లో కొన్ని నర్సరీల్లో రంగురంగుల మొక్కలతో ప్రత్యేక అలంకరణలు చేస్తారు.

లోపలి గ్రామాల్లోని చిన్న నర్సరీల తీరు వేరు. ఒక్కో రైతు ఒకటి రెండు రకాల మీదే దృష్టి పెడతారు. ఒకచోట గులాబీ, మరోచోట క్రోటన్లు, ఇంకోచోట పండ్ల అంట్లు కనిపిస్తాయి. వీరిలో అనేకులు టోకుగా అమ్మేవారే. పది మొక్కలు కావలసిన గృహస్థుకు పెద్ద నర్సరీ సౌకర్యం. తోట వేయదలచిన రైతు మాత్రం మొక్కలను పెంచిన చోటికే వెళ్లి, తల్లిచెట్టును చూసి మాట్లాడుకోవడం మేలు. నర్సరీ అనేది పార్కు కాదు, రైతు పని ప్రదేశం. మళ్లలోకి దిగే ముందు, ఫొటోలు తీసుకునే ముందు అనుమతి అడగడం మర్యాద.

ఎంపికలో చూడవలసినవి

అమ్మకానికి ఉన్న ప్రతి మొక్కా ఇక్కడ పెరిగినదే కానవసరం లేదు. బెంగళూరు, పుణె, కోల్‌కతా వంటి చోట్ల నుంచి తెచ్చినవి, విదేశాల నుంచి దిగుమతి అయినవి కూడా వీటిలో ఉంటాయి. చల్లని వాతావరణంలో పెరిగి కొత్తగా దిగిన మొక్క ఇంటికి వెళ్లగానే వాడిపోయే ప్రమాదం ఎక్కువ. అందువల్ల ‘ఇక్కడ పెంచిందా, బయట నుంచి తెచ్చిందా, వచ్చి ఎన్నాళ్లయింది’ అన్న మూడు ప్రశ్నలు తప్పక అడగాలి.

నిండా పూసిన మొక్క కంటే మొగ్గ మీదున్న మొక్క ప్రయాణాన్ని బాగా తట్టుకుంటుంది. ఆకుల అడుగు భాగాన్ని తిప్పి చూస్తే పిండినల్లి, పేనుబంక వంటివి ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. సంచి అడుగు నుంచి లావుపాటి వేళ్లు బయటకు వచ్చి ఉంటే ఆ మొక్క చాలా కాలంగా అందులోనే ఉన్నట్లు లెక్క. దాన్ని నేల నుంచి లాగినప్పుడు వేళ్లు తెగుతాయి. ఎత్తుగా ఉన్న పాత మొక్క కంటే ఆరోగ్యంగా ఉన్న చిన్న మొక్కే త్వరగా నిలదొక్కుకుంటుంది.

పండ్ల మొక్కల్లో చూడవలసినది అంటు కట్టిన చోటు. కింద నాటు మొక్క, పైన మేలైన రకం కొమ్మ పూర్తిగా అతుక్కొని ఉండాలి. అతుకు దగ్గర పగులు, ఉబ్బు ఉండరాదు. అతుకు కింద నుంచి వచ్చిన చిగురు నాటు మొక్కదే. పచ్చగా ఉందని దాన్ని పెంచితే కోరుకున్న రకం చచ్చిపోయి నాటు చెట్టు మిగులుతుంది. సపోటాను పాల మొక్క మీద అంటు కట్టారా అని అడిగి తెలుసుకోవాలి. కొబ్బరి మొక్క వయసు 9 నుంచి 12 నెలలు, ఆకులు ఆరు, మొదలు చుట్టుకొలత 10 సెంటీమీటర్లకు తగ్గకుండా ఉంటే మంచిది.

ఉద్యాన నర్సరీల నమోదు, నియంత్రణకు 2010లో చట్టం వచ్చింది. పెద్ద సంఖ్యలో అంట్లు కొనేవారు నర్సరీ నమోదు వివరాలు చూసి, రకం పేరు రాసిన బిల్లు తీసుకోవాలి. కాపు వచ్చే నాటికి రకం మారిందని తేలితే రైతు చేతిలో ఉండే ఆధారం ఆ కాగితమే.

నీడ కోసం, ప్రహరీ పక్కన నాటడానికి మొక్కలు కొనేవారు త్వరగా పెరుగుతుందన్న ఒక్క కారణంతో నిర్ణయం తీసుకోరాదు. ఒకప్పుడు విరివిగా నాటిన కోనోకార్పస్‌ను పర్యావరణ, ఆరోగ్య కారణాలతో గుజరాత్ ప్రభుత్వం 2023లో నిషేధించింది. వేప, కానుగ, పొగడ, పొన్న వంటి మన చెట్లు నెమ్మదిగా పెరిగినా కలకాలం నిలుస్తాయి.

ఎప్పుడు వెళ్లాలి

సందర్శనకు నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. చేమంతి, బంతి, డాలియా, పెటూనియా వంటి శీతాకాలపు పూలు డిసెంబరు, జనవరి నెలల్లో కనువిందు చేస్తాయి. పండ్ల మొక్కలు, నీడనిచ్చే చెట్లు నాటదలచినవారు మాత్రం తొలకరి పడ్డాక జూన్ నుంచి ఆగస్టు మధ్య రావడం మంచిది. ఏప్రిల్, మే నెలల్లో కొన్న మొక్కకు దారిలోనే సగం ప్రాణం పోతుంది.

దారిలో మొక్క భద్రం

బయలుదేరే ముందు మట్టి తడిసేలా నీరు పోయించాలి. బురద అయ్యేలా పోస్తే ప్రయాణంలో మట్టిగడ్డ విరిగి వేళ్లు కదిలిపోతాయి. మొక్కను కాండం పట్టుకొని ఎత్తరాదు, సంచి అడుగున చేయి వేసి ఎత్తాలి. తెరిచి ఉన్న వాహనంలో ఎదురుగాలికి ఆకులు ఎండిపోతాయి కనుక షేడ్ నెట్ గానీ పలచని గుడ్డ గానీ కప్పాలి. భోజనానికి ఆగినప్పుడు అద్దాలు మూసిన కారును ఎండలో వదిలితే గంటలోపే లేత ఆకులు ఉడికిపోతాయి.

ఇంటికి చేరిన వెంటనే నాటడం తగదు. వారం, పది రోజులు నీడలో ఉంచి అలవాటు పడనివ్వాలి. డెల్టా బంకమట్టితో నింపిన సంచులైతే మరో జాగ్రత్త అవసరం. ఆ మట్టిగడ్డ ఎండితే రాయిలా గట్టిపడి, పోసిన నీరు పక్కల నుంచి జారిపోతుంది. పైకి తడి కనిపిస్తున్నా లోపల వేళ్లు ఎండుతాయి. నాటే ముందు గడ్డను నీటితో మెత్తబరచి, సంచిని పూర్తిగా తొలగించి, పశువుల ఎరువు కలిపిన గుల్ల మట్టిలో నాటాలి. అంటు అతుకు నేలమట్టానికి పైనే ఉండాలి.

దారిలో చూడదగినవి

ధవళేశ్వరం బ్యారేజీ, కాటన్ మ్యూజియం కడియానికి దగ్గరలోనే ఉన్నాయి. ద్వారపూడి అయ్యప్ప ఆలయం మరో విడిది. విజయవాడ వైపు నుంచి వచ్చేవారికి తాడేపల్లిగూడెం సమీపంలోని వెంకట్రామన్నగూడెంలో 2007లో ఏర్పాటైన ఉద్యాన విశ్వవిద్యాలయం తగులుతుంది. కోనసీమలోని అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం కొబ్బరి పరిశోధనకు పేరొందింది. ‘గోదావరి గంగ’ సంకర రకం అక్కడ రూపొందినదే. ఇవి పరిశోధన సంస్థలు కనుక ముందుగా సంప్రదించి వెళ్లాలి. రావులపాలెం అరటి మార్కెట్ దారిలోనే ఉంటుంది.

ఇలా చేరుకోవాలి

రాజమహేంద్రవరం నుంచి కడియపులంక సుమారు 10 కిలోమీటర్లు. బస్సులు, ఆటోలు లభిస్తాయి. రైలులో వచ్చేవారు రాజమహేంద్రవరంలో దిగడం సౌకర్యం. విశాఖ వైపు నుంచి వచ్చేవారు వేమగిరి మీదుగా, కాకినాడ వైపు నుంచి వచ్చేవారు ద్వారపూడి మీదుగా చేరుకోవచ్చు.

విజయవాడ నుంచి కారులో వచ్చేవారు ఒక విషయం గమనించాలి. 16వ నంబరు జాతీయ రహదారి ఇప్పుడు గుండుగొలను వద్ద మలుపు తిరిగి దేవరపల్లి, కొవ్వూరు మీదుగా వెళుతుంది. ఆ దారిలో కడియపులంక తగలదు. గుండుగొలను నుంచి తాడేపల్లిగూడెం, తణుకు, సిద్ధాంతం, రావులపాలెం మీదుగా సాగే పాత రహదారిని, అంటే నేటి 216ఏ జాతీయ రహదారిని పట్టుకుంటే నేరుగా నర్సరీల నడుమకే చేరుకుంటారు.